పెసరపప్పు వాసన

సంచిలో అడుగున ఒక కవర్లో బియ్యం, ఇంకో కవర్లో పెసరపప్పు పెట్టాను. వాటి మీద రెండు లుంగీలు, రెండు చొక్కాలు, ఒక తువ్వాలు. ఫోను ఛార్జరు ఎక్కడ దూర్చాలో తోచక చేత్తో పట్టుకుని నిలబడ్డాను.

"హైదరాబాదులో బియ్యం దొరకవా ఏందమ్మా?" అన్నాడు ఉపేంద్ర. గోడకి ఆనుకుని ఉన్నాడు. కళ్ళు పచ్చగా ఉన్నాయి. గోళ్ళు కూడా పచ్చగానే ఉన్నాయి, ఓటు సిరా పెట్టిన గోరు తప్ప.

"బియ్యం దొరుకుతాయిరా. పులగం వండి పెట్టేవాళ్ళు దొరకొద్దూ? నువ్వు దిగే రూములో పిల్లలు బిర్యానీ తెచ్చుకుని తింటారు. అది నువ్వు తింటే చస్తావు."

"పోయే మనిషితో అవేం మాటలత్తయ్యా," అని నా కోడలు నీరజ ఛార్జరు లాక్కుని సంచి పక్క జేబులో పెట్టింది.

ఆ సాయంత్రం మా వైపు సంచి సర్దని ఇల్లు లేదు. మే పదమూడు, సోమవారం, ఓట్ల రోజు. మధ్యాహ్నం మూడింటికి బడి దగ్గర రెండు జెండాల వాళ్ళూ రాళ్ళు రువ్వుకున్నారు. అవతలి వైపు వెంకటప్పయ్య తల పగిలింది. నరసరావుపేట ఆస్పత్రికి మోసుకుపోయారు. అతని తమ్ముడు పుల్లారావు మా వీధిలోకి వచ్చి, ఒంటి మీద చొక్కా లేకుండా నిలబడి, "ఏజెంటుగా కూచున్నోణ్ణి ఎయ్యకపోతే నేను మా అమ్మకి పుట్టలా" అని అరిచి పోయాడు.

ఏజెంటుగా కూర్చున్నది మా ఉపేంద్ర. రాళ్ళు పడ్డప్పుడు వాడు పోలింగు బూతు లోపల, బల్ల మీద తల వాల్చి ఉన్నాడు. కామెర్లు వచ్చి అప్పటికి ఎనిమిది రోజులు. వద్దురా అంటే, "పేరు ఇచ్చేశారమ్మా, ఇప్పుడు కూచోకపోతే మనోళ్ళకి మొహం ఎట్టా చూపించను" అని పోయి కూర్చున్నాడు. ఇవన్నీ పుల్లారావుకి ఎవరు చెప్తారు?

చీకటి పడ్డాక ఉపేంద్ర పెరటి దారిన ఎవరిదో బండి వెనక కూర్చుని వెళ్ళాడు. నేను వాకిట్లోకి కూడా రాలేదు. మా నాన్న సాగర్ డ్యాము పనికి సంచి సర్దుకున్నప్పుడు నాకు ఐదేళ్ళు. మా ఆయన గుంటూరు ఆస్పత్రికి సర్దుకున్నప్పుడు యాభై ఏడు. ఇద్దర్నీ గుమ్మంలో నిలబడి సాగనంపాను. ఇద్దరూ తిరిగి రాలేదు. అందుకని ఈసారి గుమ్మంలోకి పోలేదు.

*

బుధవారం తెల్లవారుతుండగా పెరటి తలుపు మీద గోళ్ళతో గీకిన చప్పుడైంది. తీసి చూస్తే ఉపేంద్ర కిందనే కూర్చుని ఉన్నాడు. సంచి లేదు.

పిడుగురాళ్ళ దాటి పోలేకపోయాడంట. హైదరాబాదు బస్సు ఎక్కితే రెండు వాంతులయ్యాయని మధ్యలోనే దించేశారు. ఒక పగలూ రాత్రీ ఎవరిదో కొట్టు అరుగు మీద పడుకున్నాడు. పాలవ్యాను వాడు జాలిపడి మా అడ్డరోడ్డు దాకా ఎక్కించుకున్నాడు. అక్కణ్ణుంచి పొలాలకి అడ్డంపడి నడిచాడు.

"ఇంక నడవలేనమ్మా. సంపితే సంపనియ్," అన్నాడు.

నేనూ నీరజా చెరో చెయ్యీ పట్టి లోపలికి లాగాం. ఆ ఏడు మేం పత్తి అమ్మలేదు. రేటు లేక పక్కగదిలో కిటికీ ఎత్తున పోసి ఉంచాం. ఆ పత్తిని రెండు చేతులా తోడి, గోడ వారగా మనిషి పట్టేంత గుంట చేశాం. అందులో చాప, బొంత వేసి వాణ్ణి పడుకోబెట్టాం. కిటికీ రెక్కలు మూసేశాం. బయటికి నలభై నాలుగు డిగ్రీల ఎండ. లోపల పత్తి. వాడి ఒంటి మీది చెమట తుడిస్తే తువ్వాలు పచ్చగా అయ్యేది.

ఊళ్ళో అందరికీ ఉపేంద్ర హైదరాబాదులో ఉన్నాడు. ఇంట్లో ఉన్నది మేం ఇద్దరు ఆడవాళ్ళం. అందుకని వాడి లుంగీని దండెం మీద ఆరెయ్యకూడదు. మూడో కంచం బయటికి రాకూడదు. పత్తిగదిలోకి మాట్లాడుతూ పోకూడదు. నీరజ వాడి లుంగీ తన చీర కింద దాచి ఆరేసేది. గదిలో వాడికి పెట్టిన బకెట్టు తీసుకుని పెరట్లోకి పోయేటప్పుడు దాని మీద పేడ నీళ్ళ చీపురు పెట్టుకునేది.

"నరసరావుపేట తీసుకుపోదాం అత్తయ్యా," అంది మొదటిరోజే. "సెలైను ఎక్కించకపోతే మనిషి నిలవడు."

"వెంకటప్పయ్య ఉన్నది యాడ? నరసరావుపేటలోనేగా. ఆ ఆస్పత్రి గేటు కాడ ఎంతమంది ఉన్నారో తెలుసా?"

"అయితే గుంటూరు."

"దారిలో ఆపి ఆధార్ కార్డు అడుగుతన్నారంట. పేపర్లో ఉంది. కేసులో మొదటి పేరు మనోడిదే."

పేపర్లో ఉన్న మాట నిజం. నాకు బడి చదువు లేదు. కోమటి కొట్లో పొట్లాలు కట్టిచ్చే కాగితాలు చూసి ఒక్కో అక్షరం నేనే కూడబలుక్కున్నాను. అట్లా వచ్చిన చదువు కాబట్టి కాగితం మీద ఉన్న ఏ ముక్కా వదలను. ఆ ఎండాకాలం నన్ను తినేసింది ఆ చదువే. ఎక్కడ ఎవరి ఇల్లు సోదా చేశారో, ఎవర్ని ఏ ఆస్పత్రి మంచం మీద పట్టుకున్నారో అన్నీ చదివేదాన్ని. మళ్ళీ చదివేదాన్ని. నీరజ ఏ దారి చెప్పినా ఆ దారి మూసుకుపోయిందని నా దగ్గర ఒక వార్త ఉండేది.

ఇంక నా చేతిలో మిగిలింది నేల ఉసిరి పసరు, పులగం.

పులగం వండటం నాకు మా అత్తగారు చూపించింది. గ్లాసు బియ్యానికి అర గ్లాసు పెసరపప్పు. పప్పుని ముందు వట్టి మూకుట్లో సన్న సెగ మీద వేయించాలి. గరిటె ఆపకూడదు. పప్పు రంగు మారకముందే వాసన మారుతుంది, అప్పుడు దించెయ్యాలి. బియ్యం, పప్పు కలిపి మూడుసార్లు కడిగి, ఏడు గ్లాసుల నీళ్ళు పోసి మూత పెట్టాలి. కుక్కర్లో పెడితే పులగానికి ఆరు కూతలు కావాలి. ఇద్దరు ఆడవాళ్ళ అన్నానికి మూడు చాలు. వీధిలో ఎవరన్నా లెక్కపెడతారేమోనని గిన్నెలోనే వండేదాన్ని. మామూలుగా అయితే మిరియాలు, జీలకర్ర, నెయ్యి పడాలి. కామెర్లోడికి నెయ్యి పనికిరాదు. పసుపు నేనే వెయ్యలేదు, కళ్ళల్లో ఉన్నది చాలక కంచంలో కూడా ఎందుకని. చిటికెడు ఉప్పు. గరిటెతో మెదిపి, చల్లార్చి, ఒక్కో ముద్ద నాలుక మీద పెట్టేదాన్ని.

మొదటిరోజు నాలుగు ముద్దలు తిన్నాడు. నిలిచాయి. రెండో రోజు ఆరు. మూడోరోజు, "అమ్మా, ఇంకొంచెం ఉందా?" అన్నాడు. నీరజ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

వాడు బతుకుతాడని ఆ పూట అనుకున్నాను.

*

మా గోడకి అవతలి ఇల్లు మహాలక్ష్మమ్మక్కది. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. నలభై ఏళ్ళ పైన ఆ గోడ మీద నుంచే మజ్జిగ, కరివేపాకు, చీవాట్లు ఇచ్చిపుచ్చుకున్నాం. కొడుకు పున్నారావు చిన్నప్పుడు సగం అన్నం మా ఇంట్లోనే తిన్నాడు. పెద్దయ్యాక అవతలి జెండా పట్టుకున్నాడు. పుల్లారావు పక్కన తిరిగేవాడు.

ఆదివారం పొద్దున మహాలక్ష్మమ్మక్క కొత్త ఆవకాయ గిన్నెలో పెట్టుకుని వచ్చింది. "ఉప్పు సరిపోయిందో లేదో చూడవే. నా నాలికకి ఏం తెలవట్లా," అంది. వేడి అన్నంలో కలిపి నాకో ముద్ద పెట్టింది. నేను తిన్నాను. "ఉప్పు చాల్లేదక్కా, కారం మాత్రం చెవుల్లోంచి వస్తంది," అన్నాను. నవ్వింది. రెండో ముద్ద నా చేత్తోనే కలుపుకుంటున్నాను.

అప్పుడు పున్నారావు, వాడి వెనక పుల్లారావు గడప దాటి వచ్చారు.

"ఏం పిన్నీ, మా తమ్ముడు ఫోనెత్తట్లేదే?" అన్నాడు పున్నారావు.

"నాకే ఎత్తట్లేదు నాయనా, నీకేం ఎత్తుతాడు. హైదరాబాదు నీళ్ళు తాగాడుగా."

పుల్లారావు కూర్చోలేదు. వసారా, నడవ, గుమ్మం పక్కన చెప్పులు, అన్నీ చూశాడు. తర్వాత తల ఎత్తి గాలి పీల్చాడు. లోపల పొయ్యి మీద పులగం ఉడుకుతోంది.

"ఏంది, పథ్యం వాసనొస్తంది? ఎవరికి జబ్బు?"

మా పల్నాడులో కారం లేని ముద్ద ఒంట్లో బాగున్నవాళ్ళు ఎవరూ నోట్లో పెట్టరు. పెసరపప్పు వేయించిన వాసన వచ్చిందంటే ఆ ఇంట్లో మంచాన పడ్డవాళ్ళు ఉన్నట్టే. అది నాకు తెలుసు. కూతల లెక్క చూసుకున్నాను కాని, వాసన సంగతి నా బుర్రకి తట్టలేదు.

"నాకే. నాలుగు రోజుల్నుంచీ కడుపులో మంట. కారం అస్సలు పడట్లా," అన్నాను.

"మంట ఒక్క కడుపులోనేనా, ఇంకా యాడన్నా ఉందా?" అన్నాడు పుల్లారావు.

నా కుడి చెయ్యి ఆవకాయతో ఎర్రగా ఉంది. కొంగు కిందకి లాక్కున్నాను. పుల్లారావు చూడలేదు. మహాలక్ష్మమ్మక్క చూసింది. నా చేతిని చూసి, నా మొహం చూసి, పక్కగది తలుపుకి వేసిన గొళ్ళెం చూసింది. ఆమె నవ్వు పోయింది.

"ఆడోళ్ళున్న కొంపలో మీకేం పనిరా? పొండి అవతలకి," అని వాళ్ళని కసిరి, ఆవకాయ గిన్నె అక్కడే వదిలేసి వాళ్ళ వెనకే వెళ్ళిపోయింది.

ఆ చూపు నన్ను ఆ రోజంతా వదల్లేదు.

*

మర్నాడు పది గంటలకి మూకుట్లో పెసరపప్పు వేశాను. వాసన తిరిగే వేళకి గోడ అవతల్నుంచి ఎండుమిరపకాయలు వేయిస్తున్న ఘాటు వచ్చింది. ముక్కు, గొంతు, కళ్ళు మండిపోయాయి. వీధి వీధంతా తుమ్ముతోంది. "ఓ మహాలక్ష్మమ్మా, సంపుతావా ఏందే?" అని ఎవరో అరిచారు. "ఏడాదికి సరిపడా కారం కొట్టించుకోవద్దా ఏందే?" అని ఆమె అరిచింది.

పత్తిగదిలో ఉపేంద్రకి దగ్గు వచ్చింది. నీరజ పరిగెత్తుకుపోయి తువ్వాలు వాడి నోటికి అడ్డం పెట్టింది. కడుపు పట్టుకుని ముడుచుకుపోయి, చప్పుడు లేకుండా దగ్గాడు. ఆ పూట పెట్టిన నాలుగు ముద్దలూ బయటికి వచ్చేశాయి.

మంగళవారం కూడా అంతే. నేను పప్పు వేయించగానే ఆమె మిరపకాయలు వేసింది.

బుధవారం నేను వేళ మార్చాను. పొద్దున ఆరింటికే వండాను. ఆరుంబావుకి ఘాటు వచ్చింది. గురువారం మధ్యాహ్నం రెండింటికి, వీధిలో కుక్క కూడా తిరగని ఎండలో వండాను. రెండుంబావుకి వచ్చింది.

"ఏడాది కారానికి ఒక్కరోజు వేయిస్తే సరిపోదా అత్తయ్యా? రోజూ ఎందుకు వేయిస్తంది?" అంది నీరజ.

"నీకింకా అర్థం కాలా? పొలంలో పందికొక్కుని బయటికి తియ్యాలంటే ఏం చేస్తారు? బొక్కలో పొగ పెడతారు. మనోడు ఉన్నాడని ఆమెకి తెలిసిపోయింది. వాడి దగ్గు బయటికి వినపడాలని పొగ పెడతంది."

"పెద్దత్తయ్య అట్టాంటి మనిషి కాదు."

"ఆమె కాదు, ఆమె కొడుకు పెట్టిస్తన్నాడు."

"పోయి అడగనా? కాళ్ళు పట్టుకుంటా. తప్పేముంది?"

"అడిగితే ఉన్నాడని మన నోటితో మనం చెప్పినట్టు. గమ్మునుండు."

నీరజ గమ్మున ఉంది. దాన్ని గమ్మున ఉండమన్నది నేను.

శుక్రవారం ఇంకో పని చేశాను. పప్పు వేయించకుండా పచ్చిదే బియ్యంలో కలిపి వండాను. ఆ రోజు మిరపకాయల ఘాటు రాలేదు. గోడ అవతల నిశ్శబ్దం. అప్పుడు నాకు ఇంకేం అనుమానం మిగల్లేదు. ఆమె వాసన కోసమే ముక్కు పెట్టుకుని కూర్చుందని నిశ్చయం చేసుకున్నాను.

కాని ఆ పచ్చి పులగం ఉపేంద్ర తినలేకపోయాడు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నా వైపు చూశాడు. "జిగురుగా ఉందమ్మా," అన్నాడు. చిన్నపిల్లాడిలాగా మింగటానికి చూశాడు. పడలేదు. ఆ పూట మంచినీళ్ళు కూడా నిలవలేదు. సాయంత్రానికి వాడి మాట ముద్దగా వస్తోంది. నీరజని పట్టుకుని "అమ్మా" అన్నాడు ఒకసారి.

శనివారం రోహిణి కార్తె వచ్చింది. గదిలో పత్తి ముట్టుకుంటే వేడి. ఇంక ఆగలేక పప్పు వేయించాను. మూకుడు దించకముందే ఘాటు వచ్చింది. ఉపేంద్ర దగ్గాడు. ఈసారి తువ్వాలు అందేలోపే రెండు దగ్గులు పైకి వచ్చేశాయి.

వీధిలో బండి ఆగిన చప్పుడైంది. కిటికీ సందులోంచి చూశాను. పుల్లారావు. బండి మీద కూర్చునే మా ఇంటి వైపు చూస్తున్నాడు. ఒక క్షణం తర్వాత వాడికీ తుమ్ము వచ్చింది. "నీ కారం తగలెయ్య, మహాలక్ష్మమ్మా!" అని తిట్టుకుంటూ, ముక్కుకి చొక్కా అడ్డం పెట్టుకుని పోయాడు.

నేను కిటికీ రెక్క బిగించాను. "మీ అన్నకి ఫోను చెయ్యి," అన్నాను నీరజతో.

*

నీరజ అన్న సుధీర్ బాబు కృష్ణ అవతల దామరచర్లలో ఉంటాడు. ట్రాలీ ఆటో తోలుతాడు. ఆదివారం పన్నెండున్నరకి వచ్చాడు. ఆ వేళ తలుపు తీసి ఉన్న ఇల్లు ఊళ్ళో ఉండదు. పత్తి అమ్మకానికి తీసుకుపోతున్నాడని అడిగినవాళ్ళకి చెప్పాలనుకున్నాం. అడగటానికి కూడా ఎవరూ బయట లేరు.

పత్తిని బోరాల్లో తొక్కాం. మధ్యలో సందు వదిలి ఉపేంద్రని పడుకోబెట్టాం. సుధీర్ బాబు వాడి ఒళ్ళు చూసి నా మీద కేకలేశాడు.

"ఏంది పిన్నిగారూ ఇది? పది రోజులు ఇట్టా పెట్టుకుని కూచున్నారా? పట్టా కప్పితే ఈ ఎండలో ఊపిరాడుద్దా?"

"పొందుగల వంతెన కాడ చెకింగు. కప్పకపోతే కనపడతాడు నాయనా."

"కనపడితే ఏమైద్ది? పోలీసులు తీసుకుపోతే ఆస్పత్రిలో అన్నా ఏస్తారు!"

"పోలీసులు సరే. ఊరి బయట పుల్లారావోళ్ళు ఉంటే?"

అతను పట్టా విప్పటం మొదలుపెట్టాడు. నీరజ కూడా బండి ఎక్కుతానంది. నువ్వు ఎక్కితే అనుమానం వస్తుంది, సాయంత్రం బస్సులో పో అన్నాను. అదీ నేనే అన్నాను. తడిపిన తువ్వాలు వాడి మొహం మీద వేశాను. వాడు దాన్ని పక్కకి జరిపి, "అమ్మా, పప్పు బాగా వేగింది ఇవాళ," అన్నాడు. పొద్దున పెట్టిన రెండు ముద్దల సంగతి. పట్టా కప్పి తాళ్ళు బిగించాం.

ఒంటిగంటకి బండి కదిలింది. ఈసారి నేను గుమ్మంలో నిలబడ్డాను. నిలబడకుండా ఉండలేకపోయాను.

మామూలుగా వంతెన దాటటానికి ముప్పావు గంట. ఆ రోజు లారీలన్నీ ఆపి చూస్తున్నారంట. వరసలో గంటా నలభై నిమిషాలు ఆగింది బండి. సుధీర్ బాబు దిగి పట్టా ఎత్తటానికి లేదు, ముందూ వెనకా పోలీసులే. లోపలికి "బావా, బావా" అని పిలుస్తూ కూర్చున్నాడంట. మొదట్లో ఊఁ అన్నాడంట. వంతెన దాటాక పట్టా తీస్తే ఒళ్ళు కాలిపోతోంది, చెమట లేదు, పలకట్లేదు. మిర్యాలగూడ ఆస్పత్రిలో చేర్చి నాలుగున్నరకి ఫోను చేశాడు. నీరజ కట్టుకున్న చీరతోనే బస్టాండుకి పరిగెత్తింది.

*

సోమవారం పొద్దున నేను పొయ్యి వెలిగించలేదు. వసారాలో ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పది దాటింది. పదకొండు దాటింది. గోడ మీద మహాలక్ష్మమ్మక్క తల కనిపించింది.

"సుబ్బరత్నం," అని మెల్లగా పిలిచింది. అటూ ఇటూ చూసి ఇంకా మెల్లగా, "ఇయ్యాల పప్పు వేయించలేదేందే? పిల్లోడికి ఏం పెట్టావు?" అంది.

నేను ఒళ్ళోని ఫోను కింద పెట్టాను.

"పొద్దుట్నుంచీ పొయ్యి ముందే కూచున్నా. నీ వాసనొస్తే మిరపకాయలు వేద్దామని చూస్తన్నా. చేతులు బొబ్బలెక్కినయ్యే తల్లీ, ఎన్ని కేజీలు వేయించానో. శుక్రవారం వండలేదని భయపడ్డా. ఎట్టా ఉంది పిల్లోడికి?"

"ఎందుకు వేయించావక్కా?" అన్నాను. అది అడిగింది నేనేనా అనిపించింది.

"ఎందుకేంది? నీ పెసరపప్పు వాసన పుల్లారావు ఇంటి దాకా పోతంది. వాడు ఆ రోజే పసిగట్టబోయాడు. నీ చేతికి ఆవకాయ ఉందాయె, కడుపులో మంటంటివాయె. నాకు గుండె ఆగింది. ఇంక వాసన చంపాలంటే నా కాడ ఏముంది, మిరపకాయలు తప్ప? దగ్గు వినపడినా ఘాటుకి దగ్గిందనుకుంటారు, ఊరంతా దగ్గుతందిగా."

"మరి పున్నారావు..."

"వాడు యాడున్నాడే? కేసులో వాడి పేరూ రాశారని మంగళవారమే పారిపోయాడు. నా కొడుకు ఎవరి కొంపలో దాక్కున్నాడో, ఏ తల్లి ఇంత ముద్ద పెడతందో నాకు తెలుసా?"

నేను లేచి గోడ దగ్గరికి వెళ్ళాను. ఆమె చేతులు చూపించింది. వేళ్ళ చివర్లు ఉబ్బి, తోలు ఊడి ఉన్నాయి. నేను ఆ చేతులు పట్టుకోలేదు. పట్టుకుంటే చెప్పాలి.

"నిన్న పంపించేశానక్కా," అన్నాను చివరికి. "పట్టా కింద. ఎండలో."

"ఎందుకు? ఎవరొచ్చారు? ఎవరన్నా చూశారా?"

"ఎవరూ రాలా."

"మరెందుకే?"

"నీకు భయపడి."

ఆమె నన్నే చూసింది. అర్థమైనట్టుంది. గోడ మీద నుంచి చేతులు తీసుకుని లోపలికి పోయింది. అవతల మూకుడు పొయ్యి మీద నుంచి దించిన చప్పుడు, స్టవ్ ఆపిన చప్పుడు వినిపించాయి.

మిర్యాలగూడ పోతానని నేను మంగళవారం బస్టాండుకి వెళ్ళాను. నీరజ ఫోనులో వద్దంది. "రావద్దత్తయ్యా. నన్ను ఒక్కదాన్నే లోపలికి పోనిస్తన్నారు," అంది. నిజంగా పోనివ్వలేదో, నా మొహం చూడలేకో నేను అడగలేదు. బస్టాండులో రెండు బస్సులు పోయేదాకా కూర్చుని ఇంటికి వచ్చాను.

బుధవారం పొద్దున ఏడింటికి సుధీర్ బాబు ఫోను చేశాడు. ఓట్ల లెక్కింపు అయ్యేదాకా ఊళ్ళోకి శవాన్ని తేవద్దని, తెస్తే మళ్ళీ గొడవలౌతాయని పెద్దమనుషులు అన్నారు. పోలీసులూ అదే చెప్పారు. ఏటి అవతలి ఒడ్డున వాడపల్లిలో సాయంత్రం దహనం చేశారు. నేను ఇవతలి ఒడ్డున ఉన్నాను.

నీరజ జూన్ పదో తారీఖున అన్నతో వచ్చి తన బట్టలు తీసుకుపోయింది. పున్నారావు జూలైలో బెయిలు మీద ఇంటికి వచ్చాడు.

ఉపేంద్ర రాలేదు. రెండు వేల ఇరవై నాలుగు, మే ఇరవై తొమ్మిది, బుధవారం. వాడికి ముప్ఫై ఎనిమిదేళ్ళు.